గోదావరి సరిహద్దు పాత టోపో షీటు: చదవడం, కాలం తేల్చడం, నేటి పటం మీద కూర్చోబెట్టడం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భద్రాచలం దగ్గర గోదావరికి ఒక ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీది, రెండో ఒడ్డు నిజాంది. ఆ కాలపు అంగుళం–మైలు టోపో షీటు (నేల మీది మైలును కాగితం మీద అంగుళంగా చూపే సర్వే పటం) చేతికొస్తే ఎవరైనా ముందు తమ ఊరు వెతుక్కుంటారు. ఆ తర్వాత అసలు ప్రశ్నలు మొదలవుతాయి. నది ఎంత జరిగింది? ఫలానా లంక ఏ ఒడ్డుకు చెందింది? పాత గూడెం ఎక్కడుండేది? వీటికి తప్పు జవాబులు రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆ కాగితం మీద మూడు రకాల గీతలున్నాయి. కొండా రాయీ చూపే గీతలు ఒక రకం, ప్రభుత్వాలు రాసుకున్న హద్దు మరో రకం, ఒక ఎండాకాలం పారిన నీళ్లు మూడో రకం. మొదటిది వందేళ్లయినా కదలదు. రెండోది కలం పోటుతో మారుతుంది. మూడోది ఆ ఏడు వానలకే మారి ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే కళ్లజోడుతో చూస్తే లెక్క తప్పుతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

షీటు స్కాను, పటాలతో పనిచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ (ఉచితం), మిల్లీమీటర్ల గీతలున్న స్టీలు స్కేలు, పది రెట్లు చూపే భూతద్దం. అసలు కాగితం అందుబాటులో ఉంటే భూతద్దం కంటే గొప్ప పరికరం లేదు. స్కానులో కలిసిపోయిన చుక్కలు కాగితం మీద విడివిడిగా కనిపిస్తాయి. ఇలాంటి షీట్ల కోసం మద్రాసు వైపువాళ్లు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, నిజాం వైపువాళ్లు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, ఇద్దరూ ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతకొచ్చు.

అడుగు 1: షీటు నంబరు కట్టడం

సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో దేశాన్ని నాలుగు డిగ్రీల గళ్లుగా కోశారు. 65వ గడి 80° నుంచి 84° తూర్పు, 16° నుంచి 20° ఉత్తరం. దాన్ని డిగ్రీకొకటి చొప్పున 16 ముక్కలు చేసి ఎ నుంచి పి దాకా అక్షరాలు పెట్టారు. ఒక్కో ముక్కను మళ్లీ 15 నిమిషాల చొప్పున 16 చేసి 1 నుంచి 16 దాకా అంకెలు వేశారు. ఆఖరి ముక్కే మనకు కావాల్సిన అంగుళం–మైలు షీటు, అంటే 1:63,360.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అక్షరాలైనా అంకెలైనా వాయువ్య మూలలో మొదలై కిందికి నడుస్తాయి, అడ్డంగా కాదు. బడిలో పిల్లలు ఎక్కాలు రాసినట్టు ఒక నిలువు వరుస పూర్తయ్యాకే పక్క వరుస. అడ్డంగా లెక్కపెట్టి 65 సి కోసం వెళితే ఒడిశాలో నబరంగ్‌పూర్ వైపు తేలతారు.

భద్రాచలం సుమారు 17°40′ ఉత్తరం, 80°53′ తూర్పు. రేఖాంశం 80–81 మధ్య కాబట్టి మొదటి నిలువు వరుస. అక్షాంశం 17–18 మధ్య కాబట్టి పైనుంచి మూడోది, అంటే సి. లోపల 80°45′ దాటింది కాబట్టి నాలుగో నిలువు వరుస (13 నుంచి 16). 17°30′, 17°45′ల మధ్య కాబట్టి పైనుంచి రెండోది. షీటు 65 సి/14. ఎదుటి ఒడ్డున బూర్గంపాడు కూడా ఇందులోనే ఉంటుంది. దుమ్ముగూడెం ఆనకట్ట కావాలంటే దాని పై షీటు 65 సి/13. చెర్ల ఇంకా పైన, 65 బి/16. శబరి వచ్చి కలిసే కూనవరం 81°15′ గీత పక్కనే ఉంది కాబట్టి 65 జి/2, 65 జి/6 రెండూ తీసుకోవాలి. ఒక్కటే తీసుకుంటే సంగమం సగానికి తెగిపోతుంది.

అడుగు 2: షీటు ఏ కాలానిది?

అచ్చయిన సంవత్సరం చూసి ఆగిపోవద్దు. మార్జిన్‌లో కనీసం రెండు తేదీలుంటాయి: సర్వే చేసిన ఏళ్లు, ప్రచురించిన ఏడు. పునర్ముద్రణ అయితే మూడోదీ ఉంటుంది. పునర్ముద్రణల్లో చాలాసార్లు రోడ్లు, రైలు మార్గాలు, జిల్లా హద్దులు మాత్రమే దిద్దుతారు. నదిని, కాంటూర్లను (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలను) మళ్లీ కొలవరు. 1930లో అచ్చయిన షీటులోని ఇసుక మేట 1930 నాటిదనుకోవడం అందుకే తప్పు.

మార్జిన్‌లో ఒక మూల చిన్న పెట్టె లాంటి బొమ్మ ఉంటే దాన్ని వదలకండి. షీటులో ఏ భాగాన్ని ఏ ఏడు కొలిచారో అది చెబుతుంది. సరిహద్దు నదుల దగ్గర దీని విలువ ఎక్కువ. ఎడమ ఒడ్డు ఒక సీజన్‌లో, కుడి ఒడ్డు మరో సీజన్‌లో కొలిచి ఉంటే మధ్యలో కనిపించే నది రెండు వేర్వేరు ఏళ్ల అతుకు.

మార్జిన్ చిరిగిపోయిందా? జిల్లా పేర్లే తేదీ చెబుతాయి. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిషువాళ్లకు వదిలాడు. అవి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఎగువ గోదావరి జిల్లాగా ఉండేవి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసులోని గోదావరి జిల్లాకు వచ్చాయి. చెర్ల, నూగూరు, ఆల్బాక ప్రాంతం మాత్రం 1909లో గానీ మద్రాసుకు రాలేదు. అందుకే చెర్ల మీద సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లా పేరు ఉంటే ఆ సమాచారం 1909కి ముందుది. భద్రాచలం మీద ఉత్త ‘గోదావరి’ అని ఉంటే 1925కి ముందుది, ‘తూర్పు గోదావరి’ అంటే ఆ తర్వాతది. కుడి ఒడ్డున వరంగల్ జిల్లా అని చూసి కంగారు పడొద్దు. ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో. భద్రాచలం, నూగూరు తాలూకాలు ఆ ఖమ్మంలో కలిసింది 1959లో.

రంగులు కూడా ఒక ఆధారమే. 1904–05లో కూర్చున్న సర్వే కమిటీ సిఫారసుల తర్వాతే రంగుల టోపో షీట్లు మామూలయ్యాయి. ఒట్టి నలుపు షీటు, కొండలను కాంటూర్లతో కాక సన్నటి వెంట్రుక గీతలతో చూపిన షీటు అయితే అంతకు ముందు తరంది అనుకోవచ్చు.

అడుగు 3: స్కాను

400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), 24 బిట్ల రంగు, టిఫ్ ఫైలు. ఈ స్కేలులో అంగుళం అంటే 1,609 మీటర్లు, కాబట్టి 400 డీపీఐలో ఒక పిక్సెల్ నేల మీద సుమారు 4 మీటర్లు. 600కు వెళ్లినా లాభం తక్కువ. అచ్చులోని పావు మిల్లీమీటరు గీతే నేల మీద 16 మీటర్ల వెడల్పు ఉంటుంది. జేపెగ్‌లో దాచుకుంటే ఇసుక చుక్కలు, గోధుమ రంగు కాంటూర్లు అలికినట్టవుతాయి.

ఫోన్‌తో తీసిన ఫొటో ఊరి పేర్లు చదువుకోవడానికి పనికొస్తుంది, కొలతలకు పనికిరాదు. గుడ్డ మీద అంటించిన మడతల షీట్లతో ఇంకో తంటా ఉంది. కాగితాన్ని ముక్కలు చేసి మధ్యలో సందు వదిలి గుడ్డకు అతికిస్తారు. ఒక్కో సందు 2 మిల్లీమీటర్లు ఉన్నా, అది పటం మీద లేని 127 మీటర్ల నేలను కలిపేస్తుంది. అలాంటి షీటును ఒక్క బొమ్మగా కాక ముక్క ముక్కగా కోసి విడివిడిగా జియోరెఫరెన్సు చెయ్యాలి, అంటే స్కానును దాని అసలు అక్షాంశ రేఖాంశాల మీద కూర్చోబెట్టాలి.

కాగితం ఎంత సాగిందో, ఎంత కుంచించుకుపోయిందో తెలుసుకోవడానికి చట్రం కొలవండి. ఈ అక్షాంశం దగ్గర 15 నిమిషాల షీటు ఎత్తు సుమారు 43.7 సెం.మీ., నడిమి వెడల్పు సుమారు 41.9 సెం.మీ. రావాలి. రెండు వైపులా ఒకే నిష్పత్తిలో తేడా ఉంటే ఫరవాలేదు. ఒక వైపు సరిగ్గా ఉండి రెండో వైపు 4 మి.మీ. తగ్గితే కాగితం ఒక దిక్కుకు లాగింది. ఆ షీటు మీద స్కేలు పెట్టి నేరుగా కొలవకండి.

అడుగు 4: జియోరెఫరెన్సు

క్యూజీఐఎస్‌లో జియోరెఫరెన్సర్ తెరిచి స్కాను ఎక్కించండి. ఈ షీట్ల మీద 5 నిమిషాలకొక గీత లేదా గుర్తు ఉంటుంది కాబట్టి నాలుగు నాలుగుల పదహారు కూడళ్లు దొరుకుతాయి. పదహారూ వాడండి. నాలుగు మూలలతో సరిపెడితే మడత పడ్డ మధ్యభాగం ఎటు పోయిందో తెలియదు.

65 సి/14కు రేఖాంశాలు 80.75, 80.8333, 80.9167, 81.0, అక్షాంశాలు 17.5, 17.5833, 17.6667, 17.75. నాలుగు దశాంశాలూ రాయాలి. 80.8333కు బదులు 80.83 అని కొట్టేస్తే ఆ కూడలి సుమారు 350 మీటర్లు పడమటికి జరుగుతుంది. లేదంటే డిగ్రీ, నిమిషం, సెకను మధ్య ఖాళీ వదిలి ‘80 50 00’ అని కొట్టినా తీసుకుంటుంది, అదే మేలు.

ట్రాన్స్‌ఫర్మేషన్ (స్కానును అక్షాంశ రేఖాంశాలకు సర్దే లెక్క) దగ్గర పాలినామియల్ 2 ఎంచుకోండి. షీటు పై అంచు కింది అంచుకంటే నేల మీద సుమారు 37 మీటర్లు పొట్టి. పాలినామియల్ 1 ఈ వాలును సర్దలేదు. థిన్ ప్లేట్ స్ప్లైన్ వైపు చాలామంది మొగ్గుతారు, తప్పు సున్నా అని చూపిస్తుంది కాబట్టి. అది ప్రతి పాయింటు మీదుగానూ బలవంతంగా వెళుతుంది, అందుకే సున్నా. మీరు ఒక కూడలిని తప్పుగా నొక్కినా సున్నాయే చూపుతుంది. ముందు పాలినామియల్ 2తో సగటు తప్పు చూడండి. 5 పిక్సెళ్లలోపు (20 మీటర్లు) ఉంటే చాలు. 10 దాటితే ఏ పాయింటు ఎక్కువ చూపుతోందో పట్టుకుని మళ్లీ నొక్కండి. పాయింటును తీసేసి అంకె తగ్గించుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అడుగు 5: ఎవరెస్టు తేడా, మద్రాసు తేడా

సగం పని పాడయ్యేది ఇక్కడే. పాత షీటులోని అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్టు గోళాభం (అప్పట్లో భూమి ఆకారానికి వాడిన లెక్క) మీద కట్టినవి. ఫోన్‌లోని జీపీఎస్, ఉపగ్రహ చిత్రాలు డబ్ల్యూజీఎస్ 84 అనే నేటి లెక్క మీద. గీత మీద ఉన్న అంకెలను అలాగే డబ్ల్యూజీఎస్ 84 అనుకుని వేస్తే, భద్రాచలం ప్రాంతంలో పటం మొత్తం సుమారు 175 మీటర్లు తూర్పుకు, సుమారు 115 మీటర్లు దక్షిణానికి జరిగి కూర్చుంటుంది. ‘నది వందేళ్లలో 200 మీటర్లు కోసేసింది’ అన్న నిర్ధారణ ఎక్కడైనా కనిపిస్తే ముందు ఈ తేడా సర్దారో లేదో అడగండి.

సర్దడం తేలికే. జియోరెఫరెన్సర్‌లో టార్గెట్‌గా ఈపీఎస్‌జీ 4146 (ఎవరెస్టు గోళాభం మీది కల్యాణ్‌పూర్ 1975 పద్ధతికి కోడు) ఇవ్వండి. డబ్ల్యూజీఎస్ 84లోకి మార్చేటప్పుడు భారతదేశానికి ఇచ్చిన మూడు విలువల మార్పిడి (295, 736, 257) ఎంచుకోండి. ఆ తర్వాత కదలని మూడు చోట్ల సరిచూడండి. ట్రయాంగులేషన్ త్రిభుజం (సర్వేకు ఆధారంగా కొలిచిన బిందువు గుర్తు) ఉన్న కొండ కొనలు, దుమ్ముగూడెం ఆనకట్ట చివరి రాతికట్టు, భద్రాచలం గుడి గుట్ట, ఇలాంటివి. ఒడ్డు, రోడ్డు మలుపు, ఊరి అంచు ససేమిరా వద్దు. మూడు చోట్లా తేడా ఒకే దిక్కుకు ఒకే దూరం ఉంటే షీటు మొత్తాన్ని అంత జరపండి. ఒకటి ఈశాన్యానికి, ఒకటి దక్షిణానికి పోతుంటే తప్పు కూడళ్లలో ఉంది. అడుగు 4కు తిరిగి వెళ్లండి.

మీది 1905కి ముందు లెక్కల షీటు అయితే ఇంకో పెద్ద తేడా ఉంది. అప్పటి రేఖాంశాలు మద్రాసు అబ్జర్వేటరీకి పాతరోజుల్లో కట్టిన విలువ మీద ఆధారపడ్డాయి. ఆ విలువ సుమారు రెండున్నర నిమిషాలు ఎక్కువ. ఇక్కడ అది నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. భద్రాచలం గుడి కిలోమీటర్ల కొద్దీ తూర్పున తేలితే కారణం అదే. షీటు అడుగున రేఖాంశం సవరణ గురించి చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉందేమో చూసి, అది చెప్పినంత తగ్గించి కూడళ్ల అంకెలు మళ్లీ ఇవ్వండి.

అడుగు 6: నదిని చదవడం

కొలిచే పార్టీలు వానలు తగ్గాక దిగి ఎండలు ముదిరేలోపు పని ముగించుకునేవి. కాబట్టి నీలం రంగు పట్టీ గోదావరి వెడల్పు కాదు, ఆ సీజన్‌లో పారుతున్న పాయ. దాని పక్కన చుక్కలతో నింపింది ఇసుక. ఆ రెండూ కలిసి, గట్టుదాకా ఉన్నది నది. వెడల్పు కొలవాలంటే గట్టు నుంచి గట్టుకు కొలవండి. మిల్లీమీటరుకు 63.36 మీటర్లు. గట్ల మధ్య 22 మి.మీ. వస్తే సుమారు 1,394 మీటర్లు. అదే చోట నీలం పట్టీ 5 మి.మీ. ఉంటే 317 మీటర్లు. రెండో అంకె పట్టుకుని నేటి వానాకాలపు ఉపగ్రహ చిత్రంతో పోలిస్తే నది నాలుగింతలు అయినట్టు కనిపిస్తుంది.

గట్టు పక్కన ‘15ఆర్’ అన్నట్టు అంకె, దాని వెనక చిన్న ఆర్ అక్షరం కనిపిస్తే అది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు. పక్క నేలతో పోల్చిన ఎత్తు, అడుగుల్లో. అంటే అక్కడ ఒడ్డు 15 అడుగుల కోత. గోదావరి ఒడ్డున ఈ అంకెలు బంగారం. ఎక్కడ రేవుకు దిగడానికి వీలుండేదో, ఎక్కడ నిట్టనిలువు గట్టో చెబుతాయి. ఆర్ లేని అంకె సముద్రమట్టం నుంచి. కాంటూర్లు సాధారణంగా 50 అడుగులకొకటి, అంటే 15.24 మీటర్లు, షీటు అడుగున రాసి ఉంటుంది, చూసుకోండి.

ఇంతకన్నా మోసం చేసేవి వరద అడుగులు. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు మూడు హెచ్చరికలని, 1986లో 75.6 అడుగులు వచ్చిందని అందరికీ తెలుసు. అవి గేజీ రాయి (నది నీటిమట్టం కొలిచే రాయి) మీది అడుగులు. షీటు మీద 53 అడుగుల కాంటూరు కోసం వెతికితే దొరకదు, ఆ ఊరి నేల సముద్రమట్టానికి అంతకంటే ఎంతో ఎత్తున ఉంది. గేజీ సున్నా సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో తెలుసుకుని, కలిపి, అప్పుడు కాంటూర్ల మధ్య వెతకాలి.

వాగుల విషయంలో రంగు చూడండి. ఎప్పుడూ నీళ్లుండేది నీలం, ఎండిపోయేది నల్ల గీత. కొత్తగా చూసేవాళ్లు నల్ల వాగును కాలిబాట అనుకుంటారు. కాంటూర్లు వంపు తిరిగి కొండవైపు మొన చూపుతుంటే అది వాగు.

దుమ్ముగూడెం షీటులో ఆనకట్ట పక్కన కాలవ, లాకు కనిపిస్తాయి. అవి సాగునీటి పనులనుకోకండి. ఆర్థర్ కాటన్ తలపెట్టిన పడవ మార్గం కోసం మొదలుపెట్టినవి. ప్రభుత్వం 1871లో ఆ పథకాన్ని ఆపేసింది. షీటు మీద కట్టడం ఉన్నంత మాత్రాన ఆ ఏడు పడవలు తిరిగాయని అర్థం కాదు.

అడుగు 7: హద్దు గీత

ముందు మార్జిన్‌లోని చిహ్నాల పట్టీలో రాష్ట్రం, జిల్లా, తాలూకా గీతలకు తేడా చూసి పెట్టుకోండి. తర్వాత భూతద్దంతో నది వెంట పైనుంచి కిందికి నడవండి. వెడల్పున్న చోట గీత నదిలో ఉంటుంది. సన్నబడ్డ చోట ముక్కలు ముక్కలుగా కనిపించవచ్చు, లేదా ఒడ్డుకు ఆనుకుని జరగవచ్చు. అది అచ్చులో చోటు చాలకపోవడం. హద్దు ఒడ్డెక్కిందని కాదు.

లంకల దగ్గర ఆగండి. రెండు పాయల్లో గీత ఏ పాయలో నడిచిందో రాసుకోండి. ఎడమ పాయలో నడిస్తే ఆ షీటు లెక్కన లంక నిజాం వైపు, కుడి పాయలో నడిస్తే మద్రాసు వైపు. కానీ ఇది సర్వేయరుకు తెలిసినంత వరకే. భూమి తగాదాలో టోపో షీటు హక్కు పత్రం కాదు. మద్రాసు వైపు గ్రామాలకు ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), సెటిల్‌మెంటు రిజిస్టరు, నిజాం వైపు గ్రామాలకు టిప్పన్ (పొలం కొలతల చిత్రం), సేత్వార్ (సర్వే నంబర్ల పట్టిక), గ్రామ నక్ష చూడాలి. షీటు చేసే మేలు ఒకటే: ఏ రెండు గ్రామాల రికార్డులు తెప్పించాలో చెబుతుంది.

నేటి రాష్ట్ర హద్దుతో ఈ గీతను కలపాలని చూడకండి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఇప్పటి హద్దు నదిని వదిలి నేల మీద మెలికలు తిరుగుతుంది.

అడుగు 8: పేర్లు, ఊళ్లు

రోమన్ లిపిలో ద, డ ఒకటే. ల, ళ ఒకటే. దీర్ఘాల మీది అడ్డగీతలు ఒక్కో షీటులో ఉంటాయి, ఒక్కో షీటులో ఉండవు. కుడి ఒడ్డు పేర్లలో ఉర్దూ దఫ్తరు పలుకుబడి చొరబడింది. మనం బూర్గంపాడు అనేది కాగితం మీద బూర్గంపహాడ్ అవుతుంది. పేరును అక్షరం అక్షరం పోల్చకుండా పైకి చదివి వినండి, చాలావరకు దొరుకుతుంది.

కోయ గూడేల దగ్గర ఇంకో జాగ్రత్త. పోడు మారినప్పుడో, జబ్బు వచ్చినప్పుడో గూడెం లేచి మరోచోట దిగడం మన్యంలో ఉన్నదే. పాత షీటులో గూడెం ఇప్పటి చోటుకు మైలు దూరంలో ఉంటే షీటును తప్పుపట్టే ముందు అదే పేరుతో పాత గూడెం దిబ్బ ఉందేమో ఊళ్లో పెద్దలను అడగండి.

అడుగు 9: పాత ఒడ్డు, కొత్త ఒడ్డు

పాత గట్టు గీతను ఒక లేయరుగా, నేటి గట్టును మరో లేయరుగా గీయండి. నేటిది ఎండాకాలపు ఉపగ్రహ చిత్రం నుంచే తీసుకోండి. ఏప్రిల్, మే అయితే మంచిది. జియోరెఫరెన్సు తప్పు, గీత మందం, ఎవరెస్టు సర్దుబాటులో మిగిలిన తేడా అన్నీ కలిపితే 50, 60 మీటర్లు సులువుగా అవుతాయి. అందుకని 100 మీటర్లలోపు తేడాను మేము లెక్కలోకి తీసుకోం. అంతకు మించినవాటిని కూడా ఒకే చోట కాక, వరుసగా అర కిలోమీటరు పొడవునా ఒకే వైపు కనిపిస్తేనే నమ్మాలి.

రాతి గట్టు ఉన్నచోట 100 మీటర్ల పైన తేడా వస్తే సంతోషించకండి. అక్కడ నది కదలదు, మీ షీటే కదిలింది. మళ్లీ అడుగు 5. లేయరు పేరులో షీటు నంబరు, సర్వే ఏడు, ఎంత జరిపారో రాయండి: ‘65సి14_సర్వే ఏడు_తూర్పు0_ఉత్తరం15’ ఇలా. ఆరు నెలల తర్వాత ఫైలు తెరిచినప్పుడు ఆ 15 మీటర్లు ఎందుకు జరిపారో మీకే గుర్తుండదు.